మీటరు మాట – ఇంటి గుట్టు

గూడూరునుండి సైదాపురము దారిన పోవువారికి త్రోవ ప్రక్క మట్టిలో తళతళలాడు రేకులు కనబడును. పల్లె పిల్లలు వానిని కాకిబంగారమందురు. పండితులు అభ్రకమందురు. వర్తకులు మైకా అందురు. పేరేదైనను గుణమొక్కటే. అది కాగితముకంటె పలుచని పొరలుగా విడివడును. గట్టి వేడికి ఓర్చును. విద్యుత్తును తన గుండ పోనీయదు. ఈ గుణములవలననే ఇరువదవ శతాబ్దమున నెల్లూరు సీమ అభ్రకము సముద్రములు దాటి పోయినది. ఆనాటి రేడియో వాల్వులలో లోపలి భాగములను కదలకుండ నిలిపి ఉంచిన బిళ్ళలు అభ్రకపు బిళ్ళలే. కండెన్సరులలో లోహపు రేకుల నడుమ అమర్చిన పొరలలోను అభ్రకమునకు పెద్ద పీట ఉండెను. లోకమునకు వైర్లెస్ మాటలు వినిపించిన పెట్టెల లోపల ఈ ఖనిజము మౌనముగా పనిచేసినది.

ఈనాడు వైర్లెస్ మరియొక రూపమున మన గడప దాటి వచ్చినది. ఇది పాటలు పాడదు, వార్తలు చదువదు. గోడకు తగిలించిన విద్యుత్ మీటరులో కూర్చుండి, అరగంటకొకమారు ఒక చిన్న అంకెను ప్రక్కనున్న పెట్టె చెవిలో చెప్పును. మాకు దక్షిణముగా శ్రీహరికోటలో, ఆకాశమునకు ఎగసిన రాకెట్లతో సంభాషించు పెద్ద పెద్ద ఏంటెన్నాలు కలవు. వాని మాట వందల కిలోమీటర్లు పోవును. ఈ మీటరు మాట మెట్లదారి దాటుటయే గొప్ప. ఐనను మన నిత్యజీవనమునకు ఈ చిన్న మాటయే ఎక్కువ దగ్గర. దీనిని స్వల్పశక్తి వైర్లెస్ జాలము అనవచ్చును. ఇది ఎట్లు పనిచేయును, దీనివలన మేలేమి, మనము మెలకువతో ఉండవలసిన చోటేది అను సంగతులను, మేము నివసించు మేడలో జరిగిన యొక వృత్తాంతము ఆధారముగా చెప్పదలచితిమి.

మా మేడ గూడూరు రైలుస్టేషనుకు ఎంతో దూరము కాదు. క్రింద బండ్లు నిలుపుకొను చోటు; పైన మూడంతస్తులు; అంతస్తునకు నాలుగు చొప్పున పండ్రెండు ఇండ్లు. ఏ ఇంటి మీటరు ఆ ఇంటిది. నీటి మోటారునకు, లిఫ్టునకు, మెట్ల దీపములకు మాత్రము ఉమ్మడి మీటరు. దాని బిల్లును పండ్రెండు భాగములు చేసి కట్టుట మా ఆచారము. ఒక వేసవిలో ఆ బిల్లు హెచ్చసాగినది. మొదటి నెల ఎవరును పట్టించుకొనలేదు. రెండవ నెల మాటలు పుట్టినవి. మూడవ నెలకు ఆ మాటలకు ఒక దిక్కు ఏర్పడినది. మూడవ అంతస్తున, భర్తను పోగొట్టుకొనిన యొక ఇల్లాలు రెండు కుట్టుమిషనులు పెట్టుకొని, బట్టలు కుట్టి బిడ్డలను చదివించుకొనుచున్నారు. మెట్ల దీపములకు పోవు తీగ ఆమె గుమ్మము ప్రక్కగా సాగును. "ఆ తీగలోంచి కరెంటు లాక్కుంటా ఉండారేమో" అని ఎవరో అనిరి. అన్నదెవరో ఎవరును ఒప్పుకొనరు. వినినవారు మాత్రము అందరును. మేమును వింటిమి. వినియు, కాదనలేదు.

మేడవారందరు కూడిన నాడు ఆమె లేచి నిలిచి, "అయ్యా, మీరే నా ఇంటికొచ్చి చూసుకోండి. చూసినాక మాత్రం, ఏమీ లేదనే మాట కూడా ఇట్టే నలుగురి ముందర చెప్పాల" అని చెప్పి కూర్చుండిరి. ఆ మాటకు బదులు చెప్పగలవారు అక్కడ లేకపోయిరి. ఒక ఇంటి తీగలు విప్పి చూచుట ఆ ఇంటిని దొంగ ఇల్లని చాటుటయే. చూడకపోయిన అనుమానము నిలిచిపోవును. మా మేడలోనే ఉండి చెన్నపట్టణమునకు రైలులో పోయివచ్చు ఇంజనీరు కుర్రవాడొకడు అప్పుడు, "ఒక్కింటినే ఎందుకు పెద్దాయనా, పన్నెండిళ్ళూ, మోటారూ, లిఫ్టూ అన్నీ కొలుద్దాం. అంకెలు వచ్చినాక మాట్లాడుకుందాం" అనెను. ఈ వైర్లెస్ మా మేడకు వచ్చిన విధమిది.

కొలత సంగతి కొంత చెప్పవలెను. విద్యుత్తు కంటికి కనబడదు. శేరుతో కొలువ వీలు లేదు. 1880ల నాటి న్యూయార్కులో ఎడిసన్ మహాశయుడు దీనికొక ఉపాయము చేసెను. ఒక జాడీలో యశద ద్రావణము పోసి, అందు రెండు యశదపు పలకలను నిలిపెను. విద్యుత్తు కొంత దాని గుండ పోవునప్పుడు లోహము ఒక పలకనుండి కరగి రెండవ పలకపై పేరుకొనును. నెలకొకమారు మనిషి వచ్చి ఆ పలకలను తూచి, ఇంత కరెంటు వాడిరని లెక్కగట్టును. చలికాలమున ద్రావణము గడ్డకట్టకుండ పెట్టెలో ఒక దీపమును ఉంచవలసి వచ్చెను. కొలుచు పెట్టెయే కరెంటు తినవలసి వచ్చినదన్నమాట! తరువాత 1889లో బుడాపెస్టు నగరమున ఒట్టో బ్లాతీ అను ఇంజనీరు అయస్కాంత బలముతో బిళ్ళ తిరుగు మీటరును రూపొందించెను. మన ఇండ్లలో మొన్నమొన్నటి దాక గిరగిర తిరిగిన అల్యూమినియము బిళ్ళ దాని సంతతియే.

ఈ మీటర్లన్నియు నమ్మకమైనవే. కాని ఇవి నెలకొక అంకె మాత్రమే చెప్పును. ఇది పెండ్లి ఖర్చు మొత్తమును మాత్రము చెప్పి పద్దులు చూపకపోవుట వంటిది. మొత్తము చూచి కోపము తెచ్చుకొనవచ్చును గాని, ఎక్కడ చేయి జారినదో తెలిసికొనజాలము. అరగంటకొక అంకె తెలిసినచో దినమునకు 48, ముప్పది దినములకు 1440 అంకెలగును. అప్పుడు పద్దు దొరకును. ఐతే అరగంటకొకమారు ఏ మనిషియు వచ్చి మీటరు చూడలేడు. ప్రతి కొలత సాధనమునకు తీగ లాగుటయన్నచో గోడలన్నియు తొలువవలెను. ప్రతి దానిలోను సెల్‌ఫోనులోని వలె సిమ్ము పెట్టినచో నెలనెల రుసుము కట్టవలెను. బ్యాటరీయు త్వరగా హరించును. ఈ మూడు ఇబ్బందులను తప్పించుటకు ఏర్పడినదే స్వల్పశక్తి వైర్లెస్.

దీని మొదటి ధర్మము నిద్ర. బ్యాటరీతో నడచు చిన్న సాధనము అరగంట సేపు నిద్రించి, సెకనులో పదవ వంతు కాలము మేలుకొని, తన అంకె చెప్పి, మరల నిద్రించునని అనుకొందము. అట్లు దినమునకు 48 మారులు మాటలాడినను మొత్తము ఐదు సెకనులు నిండవు. ఏడాదియంతయు కూడినను దాని సంభాషణ అరగంట కాదు. అందువలననే మంచి లిథియము బ్యాటరీతో ఇట్టి సాధనము ఏండ్ల తరబడి నడచును. మాటలాడునప్పుడైనను అది ఉపయోగించు శక్తి స్వల్పమే. వాటులో నూరవ వంతుతో ఇంటి లోపలి పని నెరవేరును.

రెండవ ధర్మము మితభాషణము. ఇట్టి సాధనముల సంభాషణకు 2003లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ యొకటి 802.15.4 అను అంకెతో ఒక ప్రమాణమును ప్రకటించినది. జిగ్బీ మొదలైన పద్ధతులు దానిపై కట్టబడినవే. ఆ తొలి ప్రమాణము ప్రకారము ఒకమారు పంపదగిన సందేశము 127 బైట్లకు మించరాదు. ఇంటర్నెట్టు నూతన పద్ధతిలో చిరునామా వ్రాయు తలకట్టుకే 40 బైట్లు కావలెను. కార్డు ముక్కలో మూడవ వంతు చిరునామాకే పోయినచో క్షేమసమాచారము ఎక్కడ వ్రాయుదుము? కావున 2007లో ఆ తలకట్టును కుదించు పద్ధతిని నిర్ణయించిరి. ఒకే వీధివారు ఒకరికొకరు చీటీ పంపుకొనునప్పుడు ఊరు, తాలూకా, జిల్లా వ్రాయరు గదా. "ప్రక్కింటి వారికి" అన్న చాలును. ఇదియు అట్టిదే.

మూడవ ధర్మము ఇరుగుపొరుగుల సాయము. మెల్లగా మాటలాడువాని మాట దూరము పోదు. కావున ఒకరి మాటను మరియొకరు అందుకొని ముందుకు పంపవలెను. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు బావినుండి వరుసగా నిలిచి బిందెలు అందించుకొనువారివలె, ఈ సాధనములు అంకెలను అందించుకొనును. ఎవరి ద్వారా పంపినచో మాట చెడకుండ చేరునో ఎవరికి వారే కనుగొని, దారి మూసికొనిపోయినచో వేరు దారి వెదకుకొను విధానమొకటి 2012లో ప్రమాణముగా వెలువడినది. ఇందులో మరియొక మర్యాద కూడ కలదు. ప్రక్కవాడు ఆ వార్తనే ముందుగా చెప్పియుండుట వినిన సాధనము తాను మౌనము వహించును. 2004లో కాలిఫోర్నియాలోని బర్కిలీ పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ఇది. మన సభలలోను ఈ నియమము ఉండిన ఎంత బాగుండును!

ఈ మాటలకు ఆకాశమున దారి కావలెను గదా. మన దేశమున 2005లో 865నుండి 867 మెగాహెర్ట్జుల వరకు గల చిన్న పట్టీని స్వల్పశక్తి సాధనములకు లైసెన్సు అక్కరలేకుండ విడిచిరి. 2021లో దానిని 868 వరకు పెంచిరి. మన ఇండ్ల వైఫై తరంగములలో పెక్కు 2,400 మెగాహెర్ట్జుల చెంతవి. వానితో పోల్చినచో ఈ తరంగములు పొడవైనవి. గోడలను కొంత మేలుగా దాటగలవు. కొంత మేలుగా అనుటయే గాని, సులభముగా అనరాదు. ఆ సంగతి మా మేడయే మాకు నేర్పినది.

ఉంగరముల వంటి కొలత సాధనములను తెప్పించి, లైసెన్సు గల ఎలెక్ట్రీషియను చేత వానిని తీగల చుట్టు తొడిగించితిమి. తీగలో ప్రవహించు విద్యుత్తు తన చుట్టు అయస్కాంత క్షేత్రమును కల్పించును; ఆ క్షేత్రపు మార్పుచే ఉంగరములో చిన్న విద్యుత్తు పుట్టును; దానిని కొలిచి అసలు విద్యుత్తును లెక్కగట్టును. తీగ కోయనక్కరలేదు. పంపిణీ సంస్థ ముద్ర వేసిన మీటర్లను ఎవరును ముట్టలేదు, ముట్టరాదు కూడ. పండ్రెండు ఇండ్ల తీగలకు పండ్రెండు, మోటారునకు, లిఫ్టునకు, మెట్ల దీపములకు ఒక్కొక్కటి చొప్పున పదునైదు ఉంగరములు. మేడ పైని నీటి ట్యాంకులో నీటి మట్టమును చెప్పు సాధనమొకటి. అన్నిటి మాటలను సేకరించు పెట్టెను క్రింద మీటర్ల గదిలో ఉంచితిమి.

మొదటి రాత్రి ట్యాంకు సాధనము మాట ఒక్కటియు చేరలేదు. కారణము వెదకగా, మీటర్ల గదికి ఇనుప తలుపు. మేడ నడుమ లిఫ్టు నూయి. శ్లాబులన్నిటిలోను ఇనుప కడ్డీల వల. ఇనుము ఈ తరంగములకు అడ్డుగోడ. పెట్టె ఏంటెన్నాను తలుపు బయటకు తెచ్చి, రెండవ అంతస్తు మెట్ల మలుపున మాట అందించు సాధనము నొకదానిని అమర్చితిమి. ఎప్పుడు ఎవరి మాట వచ్చునో తెలియదు గనుక, మాట అందించువాడు నిద్రించుట కుదరదు. కావున దానిని బ్యాటరీకి గాక కరెంటుకే తగిలించితిమి. మరునాటినుండి పైమాట క్రిందికి చక్కగా దిగివచ్చెను. పెద్ద శక్తితో కేకవేయుటకంటె, తగిన చోట ఒక పొరుగువానిని నిలుపుట మేలని అప్పుడు కంటిమి.

వారము గడచినది. మెట్ల దీపముల తీగ సాయంకాలము దీపములు వెలిగినప్పుడు అంకె చూపి, తెల్లవారి ఆరినప్పుడు సున్నకు వచ్చుచున్నది. పగలు కుట్టుమిషనులు నడచు వేళ ఆ తీగలో చలనమే లేదు. ఆ ఇంటి మిషనుల కరెంటు ఆ ఇంటి మీటరు గుండనే పోవుచున్నది. ఇక మోటారు అంకెలు చూడగా, రాత్రి పదకొండునకొకమారు, ఒంటిగంటకొకమారు, మూడునకొకమారు, తెల్లవారుజామున ఒకమారు ఎవరును నీరు వాడని వేళలలో అది నడచుచున్నది. ట్యాంకు మట్టము ప్రతి మోటారు పాటునకు ముందు మెల్లమెల్లగా పడిపోవుచున్నది. సంగతి తేలినది. క్రింది తొట్టెనుండి నీటిని పైకి తెచ్చు గొట్టము మా ట్యాంకు అడుగు భాగమున కలియును. ఎక్కిన నీరు వెనుకకు రాకుండ ఆపవలసిన వాల్వు అరిగిపోయినది. పైనీరు అదే గొట్టమున దిగి క్రింది తొట్టెలో చేరును. మట్టము పడగానే మోటారు తనంత తాను నడచును. రాత్రియంతయు అదే నీరు ఎక్కుచు దిగుచున్నది.

ఒకటిన్నర అశ్వశక్తి మోటారు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తీసికొనును. రాత్రికి మూడు గంటలు వృథాగా నడచినచో నాలుగున్నర యూనిట్లు. నెలకు 135 యూనిట్లు. పండ్రెండు ఇండ్లకు పంచినచో ఇంటికి పదకొండు యూనిట్ల పైచిల్లర. ఆ పదకొండు యూనిట్లకై మేము ఒక మర్యాద గల ఇంటిని మూడు నెలలు అనుమానపు చూపులతో చూచితిమి. వాల్వు మార్చుట ఒక పూట పని. ఆ ఇల్లాలు అడిగినట్లు నలుగురి ముందర తప్పు ఒప్పుకొనుట అంతకంటె కష్టమైన పని. ఐనను చేసితిమి. ఆమె, "సరేలెండి, నీళ్ళు నిలిచినాయి గదా" అని మాత్రము అనిరి.

కథ ఇంతటితో ముగిసినచో ఇది యంత్రమునకు మంగళహారతియే అయ్యెడిది. కాని ముగియలేదు. పదునైదు ఉంగరముల అంకెలును గీతలుగా మారి మేడవారందరి ఫోనులలో కనబడుచుండెను. ఒకనాటి సాయంకాలము మెట్ల దగ్గర ఒకరు వేరొక ఇంటాయనను, "ఏం బావా, దినామూ రాత్రి రెండింటికి మీ ఇంట్లో దీపాలెందుకు వెలగతా ఉండాయి?" అని నవ్వుచు అడిగిరి. ఆయన నవ్వలేదు. బదులు చెప్పక మెట్లెక్కిపోయిరి. తరువాత తెలిసినది: వారి ఇంట ఒకరికి పెద్ద జబ్బు; రాత్రులు మేలుకొని సేవచేయుచున్నారు; సంగతి బంధువులకు కూడ ఇంకను చెప్పలేదు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. వారి గుట్టును చెప్పినవాడు విభీషణుడు కాడు, గోడకున్న ఉంగరము. చూడవలదని మేమెవరమును తలపలేదు.

ఇది మా మేడలో మాత్రమే పుట్టిన చిక్కు కాదు. 1980లలో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున జార్జి హార్టు అను శాస్త్రజ్ఞుడు, ఇంటి మొత్తము కరెంటులోని హెచ్చుతగ్గులను బట్టియే లోపల ఏ యంత్రము ఎప్పుడు నడచినదో కనుగొను విద్యను వృద్ధిచేసెను. 1992లో దానిని విపులముగా ప్రకటించెను. ఫ్రిజ్జు మొదలగునప్పటి అంకె వేరు. ఇస్త్రీపెట్టె అంకె వేరు. తలుపు తట్టకుండ లోపలి బ్రతుకు చదువవచ్చునన్నమాట. 2009లో నెదర్లాండ్సు దేశపు ఎగువ సభ, ఇట్టి మీటర్లను ప్రతి ఇంటికి నిర్బంధముగా పెట్టవలెనన్న బిల్లును ఇంటి గోప్యమునకు భంగమను కారణముచే ఆపివేసినది. తరువాత, వద్దనువారికి వద్దను హక్కు ఇచ్చియే అక్కడ ఆ పని ముందుకు సాగినది.

మన దేశమునందును ఇది నేడు పెద్ద విషయము. 2021లో కేంద్ర ప్రభుత్వము పంపిణీ సంస్థల పునర్వ్యవస్థకై చేపట్టిన పథకమున 25 కోట్ల స్మార్టు ప్రీపెయిడు మీటర్లను లక్ష్యముగా పెట్టుకొన్నది. పంపిణీ సంస్థలకు నష్టములు తగ్గును. ఏ తీగలో ఎంత పోవుచున్నదో తెలియును. ఇట్టి మీటర్లలో కొన్నిటికి కరెంటు పోవునప్పుడు, తమలో మిగిలిన కొద్దిపాటి శక్తితో "ఇక్కడ దీపమారినది" అని కడపటి మాట చెప్పి ఆరిపోవు నేర్పు కూడ కలదు. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను కుండపోత వానలకు మునిగిన మన నెల్లూరు సీమవంటి చోట ఈ కడపటి మాట విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు. ఏ వీధిలో తీగ తెగినదో లైనుమను చీకటిలో వెదుకనక్కరలేకుండును.

హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వారు తమ ఆవరణనే యొక ప్రయోగశాలగా చేసికొని ఇట్టి జాలములను పరీక్షించుచున్నారు. 2023లో వారు సిలికాన్ ల్యాబ్స్ సంస్థతో కలిసి, వైసన్ అను పద్ధతి జాలముపై కృషికి అక్కడ ఒక కేంద్రమును నెలకొల్పిరి. వీధి దీపమునుండి వీధి దీపమునకు, మీటరునుండి మీటరునకు మాట అందించుకొను పద్ధతి ఇది. ఒక దారి తెగినను మరియొక దారిన మాట చేరును. తెలుగు గడ్డపై తెలుగు విద్యార్థుల చేతులలో ఈ విద్య పెరుగుట మనకు సంతోషము.

ఇంకొక ప్రక్క భయములును కలవు. ముందు డబ్బు కట్టినగాని దీపము వెలుగదేమో, దూరమున కూర్చున్నవారు మీట నొక్కి దీపమార్పుదురేమో, బిల్లు హెచ్చునేమో, మీటరు చూచుటకు వచ్చు మనిషికి పని పోవునేమో. 2025లో మన రాష్ట్రమున ఈ మీటర్లపై నిరసనలు జరిగినవి. ఈ భయములను అజ్ఞానమని త్రోసివేయరాదు. నెలకొకమారు వచ్చు మనిషికి బిల్లు హెచ్చినదని చెప్పుకొనవచ్చును. మంచినీళ్ళిచ్చి సంగతి అడుగవచ్చును. గోడకున్న పెట్టెకు చెప్పుకొనుటకు వీలు లేదు. కావున పెట్టె వచ్చినను, వినువాడొకడు కార్యాలయమున ఉండి తీరవలెను.

చట్టము కొంత దారి చూపినది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములు 2020 డిసెంబరు 31న వెలువడినవి. 2023 జూనులో వానిని సవరించి, స్మార్టు మీటరును దినమునకొకమారైనను దూరమునుండి చదువవలెననియు, ఆ లెక్కను వినియోగదారునకు తెలియజేయవలెననియు చేర్చిరి. అదే సంవత్సరమున పార్లమెంటు వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు ఒక చట్టము చేసినది. లెక్క మనదే యన్న భావము చట్టమున అంకురించినది. ఆ అంకురమునకు నీరు పోయవలసినవారము మనము.

మా మేడవారము ఆ సాయంకాలము తరువాత మరల కూడితిమి. యంత్రములు తీసివేయుదమని కొందరనిరి. మోటారు సంగతి మరచితిరా అని కొందరనిరి. చివరకు ఇట్లు నిర్ణయించుకొంటిమి. మోటారు, లిఫ్టు, మెట్ల దీపముల అరగంట అంకెలను అందరును చూడవచ్చును. అవి అందరివి గనుక. ఇంటి అంకెలను ఆ ఇంటివారు మాత్రమే చూడవలెను. తమ ఇంటికి ఉంగరమే వద్దన్నవారికి తీసివేయవలెను. పాత అరగంట అంకెలను నెల దాటిన పిమ్మట చెరిపివేయవలెను. సందేశములకు రహస్యలిపి తాళమును తప్పక వేయవలెను. ఆ వీలు 802.15.4 ప్రమాణములోనే కలదు. మూడిండ్లవారు ఉంగరములను తీయించుకొనిరి. వారిని ఎందుకని ఎవరును అడుగలేదు. అడుగకపోవుటయే మేము నేర్చిన పాఠము.

శ్రోతలలో తమ ఇంటి మీటరు మాటను తామే వినదలచినవారు దీనికై యంత్రమేదియు కొననక్కరలేదు. ఎలెక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్రదీపము మిణుకుమనుచుండును. దాని ప్రక్కన, యూనిటునకు ఎన్ని మిణుకులో వ్రాసియుండును. పెక్కు మీటర్లపై 3200 అని కనబడును. అట్టి మీటరున, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఎడతెగక వేడెక్కుచున్న వేళ సెకను దాటిన వెంటనే ఒక మిణుకు వచ్చును. పది వాట్ల దీపమొక్కటే వెలిగినచో రెండు నిమిషములకు కొంచెము ముందు ఒకటి వచ్చును. రాత్రి పండుకొనబోవు ముందు అన్నియు ఆర్పి ఆ దీపమును ఐదు నిమిషములు చూడుడు. అప్పుడును మిణుకు వడివడిగా వచ్చుచున్నచో, ఇంటిలో ఎక్కడనో మీకు తెలియని మోటారో, మరచిన మీటయో ఉన్నదన్నమాట. మీ ఇంటి లెక్కను మీకంటె ముందు వేరొకరు చదువకుండుటకు ఇది మొదటి మెట్టు.

స్వల్పశక్తి వైర్లెస్ గొప్పతనము దాని అల్పభాషణములోనే ఉన్నది. అవసరమైనంతే చెప్పును, ప్రక్కవారికే చెప్పును, చెప్పి నిద్రించును. బ్యాటరీ మిగులుటకై ఇంజనీర్లు దానికి నేర్పిన ఈ నియమమునే, ఇంటి మర్యాద మిగులుటకై మనము దానిని నడుపువారికి నేర్పవలెను. ఏ పనికి ఏ అంకె చాలునో అంతే అడుగవలెను. ఎవరి ఇంటిదో వారికే ముందుగా చెప్పవలెను. పని తీరిన పిమ్మట మరచిపోవలెను. ఈ మూడు నియమములును యంత్రమునకు కష్టము కావు. మనుష్యులకే కొంత కష్టము.

మా సీమ అభ్రకమును తలచుకొని ముగింతుము. అది విద్యుత్తు పనికి తోడ్పడుచునే, పోరాని చోటికి దానిని పోనీయదు. ఇంటి మీటరుకును లోకమునకును నడుమ మనము నిలుపవలసినది అట్టి పలుచని, గట్టి పొరయే.